ప్రస్థానం సంచీ

మా కారు ఆ రోజు చలికి స్టార్ట్ కాలేదని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చలికి కాదు. ఆ సంగతి నేను ఆ తెల్లవారుజామునే చెప్పాను. పద్నాలుగేళ్ళుగా నరసరావుపేటలో పదో తరగతి పిల్లలకి కరెంటు పాఠం చెప్పే మనిషిని పక్కన నిలబెట్టుకొని, ముగ్గురు మగవాళ్ళు గంటకు పైగా పొగమంచుని తిడుతూ కూర్చున్నారు. ఆ గంట తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది.

మాది నకరికల్లు దాటి లోపలికి వెళ్తే వచ్చే పల్లె. మా ఆయనది మిర్చి, పత్తి వ్యవసాయం. పెళ్ళయి పదేళ్ళయింది, పిల్లల్లేరు. ఆరేళ్ళుగా గుంటూరులో ఒక ఆస్పత్రికి తిరుగుతున్నాం. అప్పటికి రెండుసార్లు పోయింది. మూడోసారి మొదలుపెట్టేటప్పుడు డాక్టరమ్మ నా వయసు కాగితం మీద చూసి, అండాలు తీయడం మటుకు ఇదే ఆఖరనుకోండి అని చెప్పేసింది. నాకప్పుడు ముప్పై తొమ్మిది.

ఆ వైద్యంలో ఒక రోజుంటుంది, దానికి గడియారమే దేవుడు. పన్నెండు రోజులు పొట్ట మీద సూదులు పొడుచుకున్నాక, ఫలానా రాత్రి ఎనిమిదిన్నరకి ఆఖరి ఇంజెక్షన్ వేసుకోమంటారు. అది వేసుకున్నాక ముప్పై ఆరు గంటలకి ఆపరేషన్ థియేటర్లో అండాలు బయటికి తీయాలి. ఆలస్యమైతే అవి లోపలే విడుదలైపోతాయి, ఇక ఎవరికీ దొరకవు. అంటే మొన్న రాత్రి ఎనిమిదిన్నరకి సూది వేసుకున్న నేను ఆ పొద్దున ఎనిమిదిన్నరకి గుంటూరులో బల్ల మీద ఉండాలి. మా ఊరి నుంచి మామూలుగా గంటన్నర ప్రయాణం. మంచులో రెండు గంటలు. ఐదుంబావుకి బయల్దేరదామనుకున్నాం. రాత్రి పన్నెండు నుంచి మంచినీళ్ళు కూడా తాగకూడదు.

ఇదంతా ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. తెలియకూడదని మా అత్తయ్య పట్టు. నలుగురి నోళ్ళలో పడితే దిష్టి తగులుతుందని ఆవిడ భయం. ఆరేళ్ళుగా మేము గుంటూరు వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక అబద్ధం పుట్టేది. ఒకసారి పంటి నొప్పి, ఒకసారి బ్యాంకు పని, ఒకసారి లేని బంధువుకి ఆపరేషన్. నాకు ఒళ్ళు మండేది గానీ, నిజం చెప్పాలంటే నేనూ ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నాకూ సిగ్గుగానే ఉండేది. ఆ సిగ్గుని అత్తయ్య పట్టు వెనక దాచుకోవడం నాకు హాయిగా ఉండేది.

ఈసారి వచ్చిన చిక్కేమిటంటే అది ధనుర్మాసం. ఏ మంచిపనీ మొదలుపెట్టని నెల. పైగా గోడమీది క్యాలెండరు ప్రకారం మేము బయల్దేరాల్సిన పొద్దున నాలుగున్నర నుంచి ఆరు దాకా వర్జ్యం. అండాలు నెలనీ వర్జ్యాన్నీ చూసి తయారు కావు కదా అన్నాను. అత్తయ్య నాతో వాదించలేదు. ఆవిడ వాదించదు, చేసుకుపోతుంది. నా ఆస్పత్రి సంచీ అడిగి తీసుకుంది. మా ఫైలు, రిపోర్టులు, నా నైటీ, దుప్పటి, ఫోను ఛార్జరు, అన్నీ అందులోనే ఉన్నాయి. దాని పట్టీకి పసుపూ కుంకుమా అద్ది, ఇన్ని అక్షింతలు వేసి, ఆఖరి ఇంజెక్షన్ వేసుకోబోయే సాయంత్రమే మంచి ఘడియ చూసి ప్రస్థానం పెట్టేసింది.

ప్రస్థానం అంటే ఇంతే. ప్రయాణం నాటికి మంచి సమయం కుదరకపోతే, ముందే మంచి సమయంలో సామాను గడప దాటించి వేరే చోట పెడతారు. సామాను బయల్దేరింది కాబట్టి మనిషి బయల్దేరినట్టే లెక్క. మా వైపు దాన్ని ఎదురింట్లోనో పక్కింట్లోనో పెడతారు. కానీ ఎదురింట్లో పెడితే ఎక్కడికి అని అడుగుతారుగా! అందుకని అత్తయ్య దాన్ని మా వాకిట్లో ఉన్న కారులో, వెనక సీటు మీద పెట్టింది. కారుకి మంచు పడకుండా ఎప్పుడూ కవరు కప్పి ఉంటుంది. అది కప్పేసి వచ్చి, "ఇంక దాన్ని ముట్టుకోబాక అమ్మాయ్. ప్రస్థానం పెట్టింది మళ్ళీ ఇంట్లోకి తేకూడదు" అంది.

అంతే, రెండు రాత్రులూ ఒక పగలూ నా సంచీ నాది కాకుండా పోయింది. ఫోను ఛార్జరు మా ఆయన్ని అడుక్కున్నాను. ఆపరేషన్ ముందు ఏం చేయాలో ఏం చేయకూడదో రాసిన కాగితం ఆ ఫైల్లోనే ఉంది. అందులో ఏముందో గుర్తు తెచ్చుకోవడానికి ఆస్పత్రికి మూడుసార్లు ఫోన్ చేసి, ఎత్తిన నర్సుతో మాట పడ్డాను.

దీనికి తోడు మా ఆయన తెలివి. పాలకేంద్రం దగ్గర ఎవరో అడిగితే, ఎల్లుండి గుంటూరులో పెళ్ళికి పోతన్నాం అనేశాడు. పెళ్ళికి వెళ్ళే మనిషి నైటీలో కారెక్కకూడదు గనక, వాచిపోయిన పొట్ట మీద, తెల్లవారుజామున నాలుగున్నరకి నేను పట్టుచీర కట్టుకోవాల్సి వచ్చింది. నగలు వద్దు, పూలు వద్దు, సెంటు వద్దు అని ఆస్పత్రి వాళ్ళు చెప్పారని మొత్తుకుంటే, చీర కట్టుకో, కారు నకరికల్లు దాటాక విప్పుకో అన్నాడు. కారులోనా అంటే తాళంచెవి వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఐదుంబావుకి వాకిట్లోకి వచ్చాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే ఎదురింటి వాళ్ళ బల్బు ఒక్కటే కనపడుతోంది, ఇల్లు కనపడటం లేదు. మా ఆయన కవరు లాగి, రిమోటు నొక్కాడు. కుయ్యిమనలేదు. "రిమోటులో సెల్లు అయిపోయినట్టుంది" అని తాళంచెవితో తలుపు తీశాడు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. లోపల కూర్చొని తాళం తిప్పాడు. మీటరు దగ్గర లైట్లు ఎర్రగా మినుకుమన్నాయి. టిక్కు టిక్కు టిక్కుమని బల్లి అరిచినట్టు చప్పుడు వచ్చింది. అంతే.

మళ్ళీ తిప్పాడు. మళ్ళీ టిక్కు టిక్కు.

"బ్యాటరీ అండీ" అన్నాను.

"బ్యాటరీ ఏంది? మొన్న వినాయక చవితికేగా కొత్తది వేయించా. మూడేళ్ళ గ్యారంటీ."

"గ్యారంటీ ఉంటే దిగిపోదా? ఆ టిక్కుటిక్కు అదే. స్టార్టరుకి కరెంటు చాలట్లేదు."

"నువ్వు లోపల కూర్చో. చల్లగాలి తగలకూడదు నీకు."

మా ఆయన చెడ్డవాడు కాదు. కానీ కారు బానెట్ ఎత్తాడంటే ఆయనకి నా గొంతు వినపడదు. ఫోను లైటు పెట్టి లోపలికి వంగి, డీజిల్ ఫిల్టరు మీదుండే చిన్న పంపుని బొటనవేలితో నొక్కడం మొదలుపెట్టాడు. గాలి పట్టుకుందట. నేను గడప మీద నిలబడి వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాను. ఇప్పుడు ఐదున్నర. ఆరున్నర లోపల కదిలితే అందుకుంటాం. దాటితే లేదు.

గాలి తీసినా టిక్కుటిక్కే. స్పానర్ తెచ్చి స్టార్టరు మీద నాలుగు తట్టాడు. ఆ చప్పుడుకి వీధి లేచింది.

ముందు వచ్చింది మా వీధి చివర ఉండే మామయ్య. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. మంకీ క్యాపు, మెడకి తువ్వాలు, చేతిలో టార్చి. ఇంజన్ల విషయంలో ఆయన మాటంటే మా వాళ్ళకి సుప్రీంకోర్టు. బానెట్‌లోకి టార్చి వేసి చూసి, ముక్కు ఎగబీల్చి తీర్పు చెప్పాడు.

"డీజిల్ గడ్డకట్టింది రా."

"గడ్డకట్టదు మామయ్యా. మనకి ఎంత చలేసినా పన్నెండు, పదమూడు డిగ్రీలు. దానికి డీజిల్ గడ్డకట్టదు" అన్నాను.

"నీకు తెలవదమ్మా. సాగర్ డిపోలో చేసేటప్పుడు చానా చూశా. పొద్దున్నే ఇంజను కింద ఇంత మంట పెడితేగానీ కదిలేయి కాదు బళ్ళు. వేణ్ణీళ్ళున్నయ్యా ఇంట్లో?"

ఉన్నాయి. నా స్నానానికి కాచగా మిగిలిన నీళ్ళు పొయ్యి మీద ఉన్నాయి. మా ఆయన పరిగెత్తి బిందెతో తెచ్చాడు. మామయ్య చెంబుతో ముంచి, ఫిల్టరు మీదా గొట్టాల మీదా, శివుడికి అభిషేకం చేసినట్టు నిదానంగా పోశాడు. బానెట్‌లోంచి ఆవిరి లేచి మంచులో కలిసింది. ఇప్పుడు చూడు అన్నాడు. తాళం తిప్పితే ఈసారి టిక్కుటిక్కు కూడా లేదు, ఒక్క టిక్కు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంజను మీద నీళ్ళు పోస్తే పొయ్యండి గానీ ఆ బ్యాటరీకి ఇంకో బ్యాటరీ తగిలించి చూడండి అని గట్టిగానే అన్నాను. మామయ్య మా ఆయన వంక చూసి నవ్వాడు. "టీచరమ్మ గదా" అన్నాడు. ఆ నవ్వుకి ఆ బిందె ఎత్తి ఆయన మంకీ క్యాపు మీద బోర్లించాలనిపించింది.

అప్పటికి ఎదురింటి బాబాయి నోట్లో బ్రష్షుతో గేటు దాటి వచ్చాడు. ఆయనకి ట్రాక్టరుంది. మాకు కావాల్సింది అదే. ట్రాక్టరు బ్యాటరీకి రెండు లావు వైర్లు తగిలిస్తే ఐదు నిమిషాల్లో అయిపోయే పని. ఆయన నురగ ఉమ్మేసి, "తోస్తే పోద్దిరా అబ్బాయ్. రెండో గేరులో పెట్టి క్లచ్చి వదులు" అన్నాడు.

తోశారు. మామయ్య ఒక పక్క, బాబాయి ఒక పక్క. మా ఆయన లోపల స్టీరింగు దగ్గర. నేను చెయ్యి వేయబోతే అత్తయ్య నా మోచెయ్యి పట్టుకొని వెనక్కి లాగింది. ఆవిడ అప్పటిదాకా శాలువా కప్పుకొని గేటు పట్టుకొని నిలబడి ఉంది.

కారు సిమెంటు రోడ్డు మీద మంచులోకి దొర్లుకుంటూ పోయింది. ఒక కుదుపు. ఇంకో కుదుపు. గుడ్‌గుడ్‌మని ఏదో అన్నట్టు అని చప్పబడింది. ఈ కాలం బళ్ళకి బ్యాటరీ బొత్తిగా చచ్చిపోతే తోసినా స్టార్ట్ కావు, అది కూడా చెప్పి ఉన్నాను. నేను పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని, పొట్ట కింద చెయ్యి పెట్టుకొని, కారు వెనకే నడిచాను, నా వెనకే అత్తయ్య. వీధి చివర చేతిపంపు దగ్గర ఆగిపోయి ఉంది. ముగ్గురూ నడుముల మీద చేతులు పెట్టుకొని రొప్పుతున్నారు.

ఆరుంబావు.

"బండి మీద పేట దాకా పోదాం. అక్కడ ఏదో ఒకటి ఎక్కుదాం" అని మా ఆయన చెవిలో అన్నాను.

"కుదుపులు తగలకూడదన్నారు గదే" అన్నాడు అంతే చిన్నగా. నిజమే. మా రోడ్డు గుంటల మీద మోటారు సైకిలెక్కితే గుంటూరు చేరకముందే అన్నీ పగిలిపోతాయని నాకూ భయమే. నరసరావుపేటలో కార్లు అద్దెకి తిప్పే మనిషికి పావుగంట నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాం. ఎత్తడం లేదు.

"బాబాయ్, నీ ట్రాక్టరొకసారి తీస్తావా, బ్యాటరీకి తగిలించి చూద్దాం" అన్నాడు మా ఆయన, ఎట్టకేలకు. నేను మొదట చెప్పిన మాట గంట తర్వాత ఆయన నోట్లోంచి కొత్తగా పుట్టింది.

"తీద్దాంలే రా. తొందరేంది? ఈ మంచులో పెళ్ళికి ఇప్పుడు పోయి ఏం చేస్తారు? కాస్త పొద్దెక్కనీ. ఎనిమిదింటికి బయల్దేరినా భోజనాల టైముకి ఉంటారు. నేను టీ తాగొస్తా" అని బాబాయి ఇంటివైపు తిరిగాడు.

మా ఆయన నా మొహం చూశాడు. నేను ఆయన మొహం చూశాను. ఒక్క మాట చెప్తే చాలు. ఆపరేషనుంది, తొందరగా రండి అంటే చాలు. ఇద్దరం నోళ్ళు తెరిచి మూసుకున్నాం. ఆరేళ్ళు అబద్ధం చెప్పీ చెప్పీ నిజం ఎట్లా మొదలుపెట్టాలో మర్చిపోయాం. దాని గురించి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను. క్లాసులో నలభై మందిని గదమాయించే గొంతు ఆ చేతిపంపు దగ్గర పెగల్లేదు.

ఇంతలో బాబాయి భార్య, పిన్ని, చీపురు చేత్తో పట్టుకొనే వచ్చింది. నా చీర అంచు పట్టుకొని చూసింది. బాగుందంది. తర్వాత అత్తయ్య వైపు తిరిగి అడిగింది.

"అవునక్కా, ధనుర్మాసంలో పెళ్ళేంది?"

వీధంతా ఆగిపోయింది. మామయ్య టార్చి ఆర్పాడు. టీకి వెళ్తున్న బాబాయి కూడా వెనక్కి తిరిగాడు. వర్జ్యం ఉంటే గడప దాటనివ్వని మా అత్తయ్య ఇంటి నుంచి, పెళ్ళిళ్ళే లేని నెలలో పెళ్ళి! మా ఆయన పాలకేంద్రం దగ్గర అల్లిన అబద్ధానికి ఆ మాత్రం ఆలోచన కూడా లేదు. ఇప్పుడు ఇంకో అబద్ధం వెతకాలి, దానికి పది నిమిషాలు, పిన్ని దాని మీద అడిగే ప్రశ్నలకి ఇంకో పది. అయిపోయింది అనుకున్నాను. పన్నెండు రోజుల సూదులు, ఆరేళ్ళు, అంతా చేతిపంపు దగ్గర అయిపోయింది.

అత్తయ్య శాలువా కిందికి జారింది. ఆవిడ పట్టించుకోలేదు.

"పెళ్ళీ లేదు పేరంటమూ లేదు" అంది. తర్వాత వీధంతా వినపడేట్టు అందుకుంది. "నా కోడలికి ఎనిమిదిన్నరకి గుంటూర్లో ఆపరేషను. బిడ్డ కోసం. ఆరేళ్ళ నుంచి తిరగతన్నాం. రెండుసార్లు పోయింది. ఇయ్యాల టైము దాటితే ఇంక లేదన్నారు. అదేమో నిన్న రాత్రి నుంచి మంచినీళ్ళన్నా తాగకుండా నిలబడింది. మీరేమో వేణ్ణీళ్ళు పోస్తిరి, తోస్తిరి. ట్రాక్టరు తీస్తావా తియ్యవా?"

పిన్ని చీపురు కింద పడేసింది. బాబాయి లుంగీ ఎగగట్టి, యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పరిగెత్తాడు. నేను ఆయన పరిగెత్తగా అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

ట్రాక్టరు మంచులోంచి వచ్చి కారు ముక్కుకి ముక్కు ఆనించినట్టు ఆగింది. బాబాయి ఇంజను ఆపలేదు. లావు వైర్లు రెండూ ముందు ట్రాక్టరుకి తగిలించాడు. ఎర్రది కారుకి పెట్టాడు. నల్లది పెట్టాడు.

పెట్టీ పెట్టగానే కారు లోపల లైటు వెలిగింది. పైకప్పుకి ఉండే చిన్న లైటు. తలుపులన్నీ వేసే ఉన్నాయి. అయినా దేదీప్యమానంగా వెలుగుతోంది. దాని కింద వెనక సీటు మీద, పసుపు కుంకుమలతో నా సంచీ, దాని చుట్టూ అక్షింతలు.

నాకు ఒక్క క్షణంలో లెక్క తెలిసిపోయింది. రెండు రాత్రులు, ఒక పగలు. పైన కవరు. బయటికి చుక్క వెలుగు కనపడదు. కొత్త బ్యాటరీ అయినా ఇంకేం మిగులుతుంది?

అత్తయ్య వైపు చూశాను. ఆవిడ ఆ లైటునే చూస్తోంది. ఆవిడ పెదాలు తెల్లబడిపోయాయి. మా అత్తయ్య ప్రస్థానాన్ని చీకట్లో వదలదు, ఎదురింట్లో పెట్టినా పక్కన దీపం పెట్టమని చెప్పి వస్తుంది. కారులో దీపం పెట్టలేదు కదా. స్విచ్చి వేసింది. ఆ స్విచ్చికీ ఇంజనుకీ ఏమన్నా సంబంధం ఉంటుందని ఆవిడకి ఎవరు చెప్పారు? ఇంట్లో లైటు రాత్రంతా వెలిగితే పొద్దున్నే మిక్సీ తిరగడం మానేస్తుందా?

"ఎవురేశారు ఈ లైటు?" మా ఆయన అరిచాడు. గంటకు పైగా పడిన అవస్థంతా ఆ అరుపులో ఉంది.

అత్తయ్య నోరు తెరిచింది.

"నేనే" అన్నాను. "ఫైల్లో కాగితం చూసుకుందామని వచ్చి వేశా. ఆపడం మర్చిపోయా."

"నువ్వా! ఫిజిక్సు టీచరువి! గంట నుంచీ బ్యాటరీ బ్యాటరీ అని నా తల తింటన్నావు, తినేసింది నువ్వేనా?"

మామయ్య మళ్ళీ నవ్వాడు. "టీచరమ్మ గదా" అన్నాడు మళ్ళీ. ఆ నవ్వు భరించడం నేను జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. ఐదు నిమిషాలు ట్రాక్టరు ఇంజను రొద పెడుతూ కారులోకి కరెంటు పోసింది. తాళం తిప్పితే కారు ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. ఇంజను చల్లగా ఉంది, చలి అలాగే ఉంది, డీజిల్ గడ్డకట్టలేదు. ఇవన్నీ మామయ్యకి వివరించడానికి నాకు టైము లేదు.

ఆరూ నలభై. అత్తయ్య కారెక్కలేదు. నేను రానులే, మీరు పోండి అంది. పిన్ని కిటికీలోంచి చెయ్యి పెట్టి నా తల నిమిరింది. ఇంకా పళ్ళు తోముకోని నోటితో ఏదో అంది గానీ ఇంజను చప్పుడులో వినపడలేదు.

నరసరావుపేట దాకా ముందున్న లారీ వెనక లైట్లే దారి, అక్కడి నుంచి మంచు విడింది. మా ఆయన దారంతా నన్ను తిట్టాడు, మధ్యలో తిట్లు ఆపి కళ్ళు తుడుచుకున్నాడు, మళ్ళీ తిట్టాడు. ఎనిమిదీ ఇరవై ఐదుకి నేను పట్టుచీరలో ఆస్పత్రి మెట్లెక్కుతుంటే నర్సు ఎగాదిగా చూసి, "పెళ్ళికొచ్చారామ్మా?" అంది. బల్ల ఎక్కాను. మత్తు ఇచ్చే ముందు గోడ గడియారం చూశాను, ఎనిమిదీ ముప్పై ఏడు. లేచాక చెప్పారు. ఏడు అండాలు దొరికాయి.

వాటిలో మూడు పిండాలయ్యాయి. ఒకటి లోపల పెట్టారు, రెండు తర్వాతి సారికని గడ్డకట్టించి దాచారు. రెండు వారాల తర్వాత రక్తపరీక్ష చేస్తే, లేదు అన్నారు. నిలవలేదు.

ఆ సాయంత్రం నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. మా ఆయన మిర్చి కల్లం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయనకి ఏడవాలంటే అక్కడికే వెళ్తాడు. వీధిలో వాళ్ళకి ఇప్పుడు అంతా తెలుసు. పిన్ని ఏదో కూర గిన్నెలో తెచ్చి, ఏమీ అడక్కుండా వంటింట్లో పెట్టి వెళ్ళిపోయింది. వచ్చి ఓదారుస్తుందేమోనని భయపడ్డాను. ఓదార్చలేదు. ఆ కూరగిన్నె నాకు గుర్తుండిపోయింది.

కాసేపటికి అత్తయ్య వచ్చి మంచం పట్టె దగ్గర నిలబడింది.

"లైటు నేనే వేశానమ్మాయ్."

"తెలుసు అత్తయ్యా."

"తెలిసే నువ్వేశానని చెప్పావా?"

"తెలిసే."

"ఎందుకు?"

నాకు ఆ పొద్దున కడుపులో నొక్కుకున్న కోపమంతా ఒక్కసారిగా పైకి వచ్చింది. వేణ్ణీళ్ళు, మంకీ క్యాపు, పట్టుచీర, ఆరేళ్ళ పంటి నొప్పులు, అన్నీ. లేచి కూర్చున్నాను.

"అప్పుడు మిమ్మల్ని తిట్టడానికి టైము లేదు. అందుకని. ఇప్పుడు తిడతాను, కూర్చోండి."

ఆవిడ నిజంగానే కూర్చుంది. మంచం చివర, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని, తల వంచుకొని, తిట్టించుకోవడానికి సిద్ధంగా కూర్చుంది. జుట్టు పాయ తీసిన చోట నెత్తి కనపడుతోంది. అంత పల్చబడిపోయిందని నాకు తెలియదు. నేను ఎక్కడ మొదలుపెట్టాలా అని వెతుక్కున్నాను. ఎంత వెతికినా మొదటి మాట దొరకలేదు.

ఆవిడే అంది.

"ఇంకా రెండు ఉన్నయ్యంటగా ఆస్పత్రిలో. ఈసారి ప్రస్థానం ఎదురింట్లోనే పెడదాంలే. దాచేదేముంది ఇంక."